బాగుందా అని అడిగితే బాగుందనే అంటరు తమ్మీ

ఈసారి ఉత్తరం నకిరేకల్ నించి వచ్చింది. డిగ్రీ ఫైనలియర్ పిలగాడు, పేరు రాయొద్దన్నడు, రాస్తలేను. ఉత్తరం చాన పొడుగుంది, జర కుదించి పెడుతున్న:

"అక్కా నమస్తే. నేను ఇంట్లనే ల్యాప్‌టాప్ మీద ఎఫ్ఎల్ స్టూడియో అనే పాటలు చేసే సాఫ్ట్‌వేర్ల ఒక ట్రాక్ చేసిన. ఎలక్ట్రానిక్, 128 బీపీఎం (నిమిషానికి 128 దెబ్బలు), నాలుగున్నర నిమిషాలు. మా ఊర్ల ఇద్దరు తాతలు డప్పు కొడితే ఫోన్ల రికార్డ్ చేస్కొని అది లోపల పెట్టిన. నాలుగు నెలలు పట్టింది. వాట్సాప్ల 45 మందికి పంపిన. 31 మంది ఫైర్ ఎమోజీ పెట్టిన్రు, సూపర్ తమ్మీ, నెక్స్ట్ లెవల్ అన్నరు. ఆరుగురు చూసి ఊకున్నరు. మా బావ డీజే కొడతడు, 'బేస్ లేదు బామ్మర్దీ' అన్నడు. హైదరాబాద్ల తెలిసిన సౌండ్ ఇంజినీర్ అన్న ఉన్నడు, ఆయన 'లో ఎండ్ (అంటే బేసే) ఎక్కువైంది, అంత మడ్డీగ ఉంది' అన్నడు. ఒకరు లేదంటరు, ఒకరు ఎక్కువంటరు. మా నాయిన పక్క రూంల నించి 'ఏందిరా ఆ డబడబ' అని తిడతడు. ఎవ్వరి మాట వినాలె అక్కా? అసలు నా ట్రాక్ బాగుందా లేదా? నిజం చెప్పే మనిషి యాడ దొరుకుతడు?"

తమ్మీ, ట్రాక్ విన్న. మూడు తీర్ల విన్న, ఫోన్ల ఒకసారి, నా రికార్డింగ్ రూంల స్పీకర్లల్ల ఒకసారి, మూడోది యాడ విన్ననో జర ఆగి చెప్త, నువ్వు కోపానికి రావొద్దు. బాగుందా లేదా అన్నది మాత్రం నేను చెప్ప. చెప్తే నేను 46వ మనిషినైత అంతే, నీకు ఇంకో ఎమోజీ వచ్చినట్టు.

ముందుగాల ఆ 31 ఎమోజీల ముచ్చట. వాళ్లు అబద్ధం చెప్పిన్రని అనుకోకు, నువ్వు అడిగిన తీరే గట్లుంది. "బ్రో నా ఫస్ట్ ట్రాక్, నాలుగు నెలల కష్టం, విని ఎట్లుందో చెప్పు ప్లీజ్" అని పంపినవు, స్క్రీన్‌షాట్ నువ్వే పెట్టినవు గదా. గట్ల అడిగినంక బాగలేదని చెప్పాలంటే ఎంత గుండె కావాలె. దావత్‌కు పోతం, వండినామె ఎదురుంగ నిలబడి "కూర ఎట్లుందే" అంటది, ఉప్పు కషాయమైనా "మస్తుందక్కా" అనే అంటం. ఆమెకు తెలివి ఉంటే మన మొఖం చూడదు, విస్తరిల ఎంత మిగిలిందో చూస్తది. నువ్వు మొఖాలు చూసి లెక్కపెట్టుకున్నవు, విస్తర్లు చూడలే.

చూసి ఊకున్న ఆరుగురు ఉన్నరు గదా, నాకైతే వాళ్లే పనికొచ్చేటట్టు కొడుతున్నరు. వాళ్లను "ఎట్లుంది" అనకుండ "ఎక్కడి దాక విన్నవు" అని అడుగు. సిగ్గుపడొద్దు, వాళ్లను సిగ్గుపెట్టొద్దు. "ఏమనుకోకు, నాకు లెక్క కోసం కావాలె, 20 సెకన్లకే బంజేసినా ఓకే" అని అడిగితే నిజమే చెప్తరు. బాగుందా అన్నది మర్యాద కింద పోతది, ఎక్కడి దాక అన్నది లెక్క కింద వస్తది.

ఇగ బేస్ పంచాది. ఇక్కడ జర టైం తీస్కుంట, ఎందుకంటే నిన్ను పరేషాన్ చేసింది ఇదే, తేలికగ తెగేది కూడ ఇదే.

నేను నీకు మెసేజ్ పెట్టిన యాదుందా, "మీ బావ దేంట్ల విన్నడు" అని. "ఫోన్ల విన్నడక్కా, బస్టాండ్ల నిలబడి" అన్నవు. ఇంజినీర్ అన్న? "స్టూడియో మానిటర్ల మీద." మానిటర్లంటే ఉన్నది ఉన్నట్టు వినిపించే స్పీకర్లు. అయిపాయె, పంచాది సగం తెగింది. నీ బేస్ 'ఏ' (A) అనే స్వరం మీద కూసుంది, 55 హెర్ట్జ్, అంటే సెకనుకు 55 ఊపులు, చాన కింది చప్పుడు. ఫోన్ కింద ఉండే ఆ స్పీకర్ చిటికెన వేలు గోరంత ఉంటది, అది 200 హెర్ట్జ్ కిందికి పోతే గొంతే లేస్తలేదు, 55 ఏం పలుకుతది. మీ బావకు నీ బేస్ నిజంగనే వినపడలే. మానిటర్ల మీద విన్నాయనకు ఆ 55 మొత్తం వచ్చి మీదపడ్డది, పైనుంచి నీ కిక్, అంటే ఆ పెద్ద డ్రమ్ము దెబ్బ, కూడ అదే జాగల కూసుంది, రెండు ఒక్క కుర్చీ కోసం కొట్లాడుతున్నయ్. దానికితోడు డప్పును ఫోన్ల తీసినవు గదా, ఆ రూం గుబగుబ, నీ ప్యాడ్ సింథ్ (ఎనక పొడుగ్గ సాగే మిషన్ స్వరం) కింది భాగం, ఇవన్ని 200 నించి 500 హెర్ట్జ్ నడుమ పేరుకున్నయ్. దాన్నే వాళ్లు మడ్డీ అంటరు, బురద అన్నట్టు. అంటే ఒకరు లేదన్నది నిజం, ఒకరు ఎక్కువన్నది నిజం, ఇద్దరు విన్నది ఒక్క ట్రాక్ కాదు అంతే. దేంట్ల విన్నరో అడగకుండ ఎవ్వరి మాటా రాసుకోకు ఇగ నించి. నా నోట్‌బుక్ల పేరు పక్కన మొదలు గదే రాస్త, ఫోన్, ఇయర్‌ఫోన్, కార్, బాక్సులు.

మందు ఏందంటే, బేస్ వాల్యూం పెంచకు, పెంచితే మీ బావకు అప్పుడు కూడ వినపడదు, ఇంజినీర్ అన్నకు చెవులు పోతయ్. బేస్ మీద జర శాచురేషన్, అంటే చప్పుడును జర గరుకు చేసే ఎఫెక్ట్, వెయ్యి. 55 మీద అది వేస్తే పైన 110, 165, 220 ఇట్ల దాని పిల్లలు పుడతయ్, ఫోన్ ఆ పిల్లలను పలుకుతది, మన చెవి ఏం చేస్తదంటే పిల్లలను చూసి తల్లిని తనే ఊహించుకుంటది, అక్కడ 55 లేకున్నా ఉన్నట్టే వినపడుతది. ఇది కిటుకు కాదు, మన చెవి పనిచేసే తీరే అది. డప్పు కింద, ప్యాడ్ కింద లో కట్ పెట్టి అడుగు చప్పుడు కోసెయ్, కిక్ పడ్డప్పుడల్లా బేస్ జర వంగేటట్టు సైడ్‌చెయిన్ పెట్టు. అయినంక మాస్టర్‌ను, అంటే మొత్తం కలిపిన పాటను, మోనో చేసి (ఎడమ, కుడి ఒక్కటిగ కలిపి) ఒకసారి విను. బ్లూటూత్ డబ్బాలు చాన వరకు మోనోనే, బరాత్ బాక్సులు కూడ ఎక్కువ మోనోనే కొడుతయ్, నువ్వు స్టీరియోల బారెడు పరిచి పెట్టిన ఆ సింథ్ మోనోల సగం మాయమైతుంది, నేను చూసిన.

ఇప్పుడు మీ నాయిన. ఉత్తరంల నవ్వులాటకు రాసినట్టు రాసినవు గానీ, నీకొచ్చిన ఫీడ్‌బ్యాక్ అంతట్ల నాకు నచ్చింది ఆయనదే. లో ఫ్రీక్వెన్సీ గోడ దాటుతది, హై దాటది. బరాత్ రెండు గల్లీల అవతల ఉండంగ మనకు పాట తెల్వదు, దెబ్బ మాత్రం తెలుస్తది గదా, గదే. పక్క రూంల కూసున్న నీ నాయినకు నీ ట్రాక్‌ల కింది భాగం ఒక్కటే పోతుంది. ఆయన "డబడబ" అన్నడు. "ధన్ ధన్" అనలే, "డం డం" అనలే. డబ, డబ. అంటే దెబ్బ విడివిడిగ పడతలేదు, ఒకదాని తోక ఇంకొకదాని మీద పడుతుంది, ఇంజినీర్ అన్న ఇంగ్లీషుల చెప్పింది ఆయన తెలుగుల చెప్పిండు. మిక్స్ చేసేటోళ్లు కావాలని తలుపు బయట నిలబడి వింటరు, నువ్వు కూడ ట్రాక్ పెట్టి పక్క రూంల పోయి నాయిన పక్కన కూసో. తిట్లు ఎట్లాగు పడ్తయ్, పని కూడ అయితది.

సరే ఇగ ఆ మూడో తీరు. నేను ఉండేది పాలమూర్ల, చిన్న రికార్డింగ్ రూం, జానపదాలు, పెండ్లి పాటలు, ఎలక్షన్లు వస్తే ఎలక్షన్ పాటలు. జడ్చర్ల పోయే ఆటో ఒకటి ఉన్నది, ఎనక సీటు కింద ఇంత పెద్ద స్పీకర్లు, ఆ డ్రైవర్ తమ్ముడు నాకు ఎరుక. నీ ట్రాక్‌ను పెన్‌డ్రైవ్ల ఏసి, ముందొక పాట, ఎనక ఒక పాట, నడుమ నీది పెట్టి ఇచ్చిన. ఎవరిదో చెప్పలే. నేను ఎనక సీట్ల ఏం తెల్వనట్టు కూసున్న. నిన్ను అడగకుండ చేసిన, తప్పే, మన్నించు.

ముందు పాట అయిపోయింది. నీది షురూ అయింది. హై హ్యాట్ (తాళం లాంటి సన్న చప్పుడు), ప్యాడ్, హై హ్యాట్, ప్యాడ్. మెట్టుగడ్డ దాటినం. డ్రైవర్ ఒకసారి ప్లేయర్ దిక్కు చూసిండు, మల్ల రోడ్డు చూసిండు. నేను ఫోన్ల సెకన్లు చూస్తున్న, 38 కాడ చెయ్యి లేసింది, 41 కాడ పాట మారింది. అంతే తమ్మీ. నీ డప్పు వచ్చేది ఒక నిమిషానికి. ఆ ఆటోల ఏడుగురున్నరు, ఒక్కరు కూడ నీ డప్పు వినలే.

128 బీపీఎంల 16 బార్లు (ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు) అంటే సరిగ్గ 30 సెకన్లు. నువ్వు 32 బార్ల ఇంట్రో పెట్టినవు, నిమిషం. అది నువ్వు యాడ చూసి నేర్చుకున్నవో నాకు తెలుసు, బయట దేశాల క్లబ్బు ట్రాకులల్ల ఉంటది, డీజే ముందు పాట మీద ఈ పాటను కలుపుకోనికి జాగ కావాలె గనక. అది డీజే కోసం పెట్టిన జాగ, వాట్సాప్ల వినేటోనికి కాదు. రెండు వర్షన్లు చెయ్. ఒకటి మీ బావకు, పొడుగు ఇంట్రోతోని. ఇంకోటి మనుషులకు, 8 బార్లల్ల, అంటే 15 సెకన్లల్ల డప్పు పడాలె.

వచ్చేటప్పుడు అదే ఆటోల వచ్చిన, ఈసారి "తమ్మీ మార్చకు, పోనీ" అన్న. పక్కన ఒకామె, ఖాళీ కూరగాయల గంప ఒళ్లె పెట్టుకొని కూసుంది. డప్పు పడ్డది. నాలుగైదు బార్లు ఏం లేదు. అటెనక ఆమె చూపుడు వేలు గంప అంచు మీద తట్టుడు షురూ అయింది, చూస్తలేదు, కిటికీల నించి బయటికే చూస్తుంది, వేలు తట్టుతుంది. 2 నిమిషాల 40 సెకన్ల దాక తట్టింది. అక్కడ నువ్వు బ్రేక్ పెట్టినవు, అంతా తీసేసి ఒక్క సింథ్ లేపుకుంట పోయినవు. వేలు ఆగింది. ఆగుడు తప్పు కాదు, బ్రేక్ అంటేనే ఆగాలె. కానీ మల్ల బీట్ పడ్డంక వేలు లేవలే. ట్రాక్ అయిపోయే దాక లేవలే.

నాకు నీ ట్రాక్ గురించి దొరికిన మాటలల్ల అన్నిటికంటే నిజమైంది ఆ వేలు. ఆమెను అడిగితే "మంచిగనే ఉందమ్మా" అని ఉండేది.

గందుకే చెప్తున్న, వినేటోని ఎదురుంగ కూసోకు. పక్కన కూసో, లేకపోతే ఎనక కూసో. నీదని చెప్పకు. చెప్పక తప్పకపోతే "మా దోస్తు చేసిండు, బాగలేదనిపిస్తుంది నాకు" అని చెప్పు, అప్పుడు చూడు నోళ్లు ఎట్ల లేస్తయో. ఇంకొకటి, పాట నడుస్తుంటే "ఇప్పుడొస్తది చూడన్నా, ఇప్పుడు, ఆ, ఇప్పుడు" అని చెప్పేటోళ్లు ఉంటరు, నేను కూడ మొదట్ల గదే బాపతు. గట్ల చెప్తే ఆ మనిషి పాటను వింటలేడు, నిన్ను వింటుండు.

ఇంకో ముచ్చట, వినేటోళ్లు ఎక్కడ అన్నది చాన వరకు కరెక్ట్ చెప్తరు, ఎందుకు అన్నది చాన వరకు తప్పు చెప్తరు. నాలుగైదేండ్ల కింద ఒక పెండ్లి పాట చేస్తున్న, ఛాయ్ తెచ్చే పోరడు గ్లాసులు పెట్టుకుంట నిలబడి విని, "అక్కా గీడ పాట స్లో అయితుంది" అన్నడు. నాకు నవ్వొచ్చింది, కంప్యూటర్ల టెంపో 124 అని కట్టేసి ఉన్నది, మొదటి నించి చివరి దాక ఒక్కటే, స్లో ఎట్లయితది. "పోరా" అన్న. రాత్రి మల్ల వింటుంటే నిజంగనే ఆ చరణం కాడ పాట బరువెక్కినట్టు అనిపించింది. చూస్తే ఏందంటే నేను అక్కడ షేకర్ మ్యూట్ చేసి మర్శిపోయిన. పైన ఆ సన్న చప్పుడు పోయేసరికి వానికి నడక మందమైనట్టు తోచింది. టెంపో పెంచమన్నడు వాడు, పెంచితే పాట ఖరాబయ్యేది. షేకర్ ఎక్కిస్తే సెట్టయింది. తెల్లారి వాడే విని "ఇప్పుడు ఉరుకుతుందక్కా" అన్నడు. మీ బావ బేస్ పెంచమంటడు, ఇంకొకడు వోకల్ పెట్టమంటడు, ఇంకొకడు సినిమా డైలాగ్ ఏసి రీమిక్స్ చెయ్యమంటడు. మందు వాళ్లది తీస్కోకు, నొప్పి యాడనో అది మాత్రం రాసుకో. డాక్టర్ కాడికి పోయినోడు నొప్పి కరెక్టుగనే చూపెడతడు గదా, రోగం పేరు తనే చెప్పి గోలీ తనే అడిగితే అది వేరే సంగతి.

రాసుకునుడు అంటే నిమిషం సెకనుతోని. "మధ్యల బోర్" అని రాసుకుంటే వారమైనంక నీకే సమజ్ కాదు. 2:40 వేలు ఆగింది, మల్ల లేవలే. 0:38 చెయ్యి ప్లేయర్ మీదికి పోయింది. గిట్ల. ఇద్దరు వేరేవేరే మనుషులు, ఒకరికొకరు తెల్వనోళ్లు, ఒకే కాడ ఆగితే అక్కడ పని ఉన్నట్టే, ముగ్గురు అవసరం లేదు. ఒక్కడే అన్నది అట్లనే పెట్టు, నీకు కూడ అక్కడ ముందు నించే ఏదో గుచ్చుకుంటుంటే తప్ప. విన్న రాత్రే కూసొని మార్చకు, రెండు దినాలు పోనియ్, నాలుగు నెలలు అదే విని విని నీ చెవులు మొద్దుబారినయ్, అవి ఇప్పుడు ఏం చెప్పినా నమ్మొద్దు.

పంపే తీరు కూడ మార్చు. వాట్సాప్ స్టేటస్ల వీడియో లెక్క పెడితే సౌండ్ నలిగిపోతది, నువ్వు చేసింది ఒకటి, వాళ్లు వినేది ఒకటి. ఫైల్‌ను డాక్యుమెంట్ లెక్క పంపు, అట్లనే పోతది. ఇంకొకరి పాట పక్కన పెట్టి పోల్చి వినమని అడిగేటప్పుడు రెండిటి వాల్యూం ఒక్కటి చెయ్, లేకపోతే ఏది గట్టిగుంటే గదే బాగుందంటరు, మనిషి చెవి గట్లనే ఉంటది, చిన్న వాల్యూంల మనకు బేస్ తక్కువ వినపడుతదని 1933 లనే ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు కొలిచి చూపెట్టిన్రు. గట్టిగ కొట్టాలె అని నువ్వు చప్పుడును పైనుంచి ఒత్తే లిమిటర్ మీద కూసొని నొక్కినవు, వేవ్‌ఫారం చూస్తే ఇటుక లెక్కుంది. స్పాటిఫై లాంటి వాటికి ఎక్కిస్తే అవి మైనస్ 14 లఫ్స్ (చప్పుడు ఎంత గట్టిగుందో కొలిచే లెక్క) కాడికి తెచ్చి పెడతయ్, నువ్వు నొక్కింది అంతా వాల్యూం తగ్గినంక ఉత్త నలిగిన చప్పుడే మిగుల్తది. జర వదులు చెయ్.

హైదరాబాద్ ఇంజినీర్ అన్న లాంటోళ్ల టైం బంగారం, ఆయనకు నాలుగున్నర నిమిషాలు పంపి ఎట్లుందనకు. "అన్నా 1:00 నించి 1:45 దాక వినుండ్రి చాలు, కిక్ బేస్ విడిపడ్డయా లేదా" అని అడుగు. ఒక్క ప్రశ్న. జవాబు పక్కా వస్తది. ఫ్రీగ మిక్స్ చేసిస్తడేమో అన్న ఆశ లోపల పెట్టుకొని ఫీడ్‌బ్యాక్ అడగకు, అది అవతలోనికి వెంటనే తెలుస్తది.

అందరు చెప్పినయన్ని సరిజెయ్యాల్నా అంటే, వద్దు. నువ్వు వాడిన కిక్, ఆ 808, దాని ముచ్చట చెప్త. రోలాండోళ్లు 1980 ల టీఆర్-808 అని డ్రమ్ మిషన్ తెచ్చిన్రు. ఇది నిజం డ్రమ్ము లెక్క లేదు అన్నరు జనం. నిజమే, లేదు. 1983 ల బంజేసిన్రు, మొత్తం చేసినయి 12,000 దాక. ఆ పాత మిషన్లు సెకండ్ హ్యాండ్ల అగ్గువకు దొరికితే, పైసలు లేని పోరగాళ్లు కొనుక్కొని, హిప్‌హాప్, హౌస్ లాంటి కొత్త తీర్ల పాటలు చాన వరకు దాని మీద కట్టిన్రు. డ్రమ్ము లెక్క లేదు అన్నది కరెక్ట్ మాట, కానీ అది సరిజెయ్యవలసిన తప్పు కాదు. మన దేశంల కూడ ఉన్నడు, చరణ్‌జీత్ సింగ్ అని, బొంబయిల సినిమా ఆర్కెస్ట్రాలల్ల వాయించిన ఆయన, 1982 ల అదే 808 మీద రాగాలను డిస్కో బీట్‌కు కట్టి రికార్డు తీసిండు, అప్పుడు కొన్నోళ్లు లేరు. 2010 ల మల్ల రిలీజయినంక యూరప్ల పిలిచి వాయించమన్నరు ముసలాయనను. నీ ట్రాక్ కూడ గట్లయితదని చెప్తలేను, మురిసిపోకు. నీ బ్రేక్ ఎనక వేలు లేవకపోవుడు వేరు, నీ సింథ్ "వింతగుంది" అన్నరని దాన్ని తీసేసుడు వేరు అని చెప్తున్న. ఆ సింథ్ వింతగనే ఉంది. ఉండనియ్.

ఇగ నేను ఈ ఉత్తరానికి జవాబు రాద్దామనుకున్నది అసలు దీని కోసం. 45 మంది లిస్టు రాసినవు, ఫ్రెండ్స్, సీనియర్లు, బావ, ఇన్‌స్టాల తెలిసినోళ్లు. డప్పు కొట్టిన తాతలిద్దరు ఆ లిస్టుల లేరు. ఉత్తరం మల్ల రెండుసార్లు చదివిన, లేరు.

నాకొక అనుభవం. ఒకసారి ఊర్లకు పోయి డప్పు రికార్డ్ చేసుకొచ్చిన, పొద్దుగాల. వాళ్లు గడ్డి మంట ఏసి డప్పులు కాపి, చెవి దగ్గర పెట్టి తట్టి చూసుకొని, కొట్టిన్రు. మొదటి టేకు గణగణ వచ్చింది. నడుమల ఛాయ్ వచ్చింది, ముచ్చట్లు వచ్చినయ్, అరగంట పోయింది, అటెనక ఇంకో టేకు తీసిన. రూంకొచ్చి రెండో టేకులకెల్లి నాలుగు ముక్కలు కోసి మొదటి దాంట్ల అతికిన. మిక్స్ అయింది, పాట పాడినామె విన్నది, ప్రొడ్యూసర్ విన్నడు, నేను వందసార్లు విన్న, ఎవ్వరికీ ఏం తేడా రాలే. ఆ డప్పు తాత పైసల కోసం వచ్చి గడప కాడ నిలబడ్డడు, పాట నడుస్తుంది, లోపలికి కూడ రాలే, "గీడ డప్పు కాగలే బిడ్డా" అన్నడు. ఆపిన. ఎనకకు జరిపిన. సరిగ్గ నేను అతికిన ముక్క కాడ. ఛాయ్ తాగంగ తోలు చల్లబడ్డది, బిగి తగ్గింది, పలుకు కిందికి దిగింది. నా చెవికి అందలే, మీటర్ల కూడ నేను చూడలే, ఆయన గడప మీద నిలబడి పట్టుకున్నడు. ఆ ముక్కలు తీసి మల్ల చేసిన.

నీ ట్రాక్ల నాకు దొరికింది ఇంకోటుంది, కానీ నాకంటే వాళ్లకే బాగ దొరుకుతది. నువ్వు డప్పు దెబ్బలు అన్ని కోసి, ఒక్కొక్కటి గ్రిడ్ మీదికి గుంజి కట్టినవు, క్వాంటైజ్ వంద శాతం. సిర్రతోని పడే పెద్ద దెబ్బ, సిటికెన పుల్లతోని పడే సన్న దెబ్బ, ఆ రెండిటి నడుమ ఒక ఊగుడు ఉంటది, సన్నది జర ఎనకకు, పెద్దది జర ముందుకు, ఆ ఊగుడుకే మనిషి కాలు లేస్తది. దాన్ని నువ్వు గీత గీసి నిలబెట్టినవు. బ్రేక్ అయినంక గంపామె వేలు ఎందుకు లేవలేదో నా అనుమానం అదే, మొదటి సగంల ఒక కాడ నువ్వు కోయకుండ ఒరిజినల్ లూప్ వదిలినవు, రెండో సగంల మొత్తం కోసినవు. నా అనుమానమే, నేను కూడ రోగం పేరు చెప్తున్న చూసినవా, నమ్మకు.

పొయ్యి వాళ్లకు వినిపియ్. ఫోన్ల కాదు, ఎవరిదన్న మంచి స్పీకర్ పట్టుకపో. ఉత్త చేతులతోని పోకు, ట్రాక్ బయటపెట్టేటప్పుడు వాళ్లిద్దరి పేర్లు పెడతనని చెప్పు, రేపు దానిమీద రూపాయి వస్తే అండ్ల వాళ్ల వంతు ఎంతో ఇప్పుడే మాట్లాడు, అది అడగకముందే చెప్పే ముచ్చట. పని నించి వచ్చి కాళ్లు కడుక్కొని అరుగు మీద కూసున్న యాల్లకు పో. పాట ముందు ఏం చెప్పకు, ఇది ఎలక్ట్రానిక్ తాతా, గిట్లనే ఉంటది తాతా అనకు. పెట్టి పక్కకు కూసో, మొఖం దిక్కు చూడకు, తొడ మీద చెయ్యి చూడు. అది ఎప్పుడు లేసింది, యాడ ఆగింది, నిమిషం సెకను రాసుకొని నాకు పంపు, ట్రాక్‌తోని పాటు. డాక్యుమెంట్ లెక్క పంపు.